మూడిళ్ల రణభేరి

అనగనగా నల్లకొండ అనే రాజ్యం. ఊఁ కొట్టండి పిల్లలూ, ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే నాకు కథ నోటికి రాదు.

ఆ రాజ్యానికి జీతాల సైన్యం లేదు. పొలం దున్నేవాళ్లూ బట్ట నేసేవాళ్లే అవసరం వస్తే ఈటె పట్టుకుని వెళ్లేవాళ్లు. అయితే రణభేరి మోగనిదే ఒక్కడూ యుద్ధానికి గడప దాటకూడదు. అది వాళ్ల కట్టుబాటు.

మరి ఆ భేరి రాజుగారి కోటలో ఉండేదా అంటే, ఉండేది కాదు. వెనకటికి ఒక రాజు కోపం వచ్చినప్పుడల్లా భేరి మోగించి ఊళ్లకు ఊళ్లను వల్లకాడు చేశాడట. అప్పుడు పెద్దలు కూర్చుని ఆ భేరిని మూడు ముక్కలుగా విప్పేశారు. చెక్క డొల్ల వడ్రంగి ఇంట్లో, తోలు తోలుపనివాడి ఇంట్లో, బిగించే తాడు తాళ్లు పేనేవాళ్ల ఇంట్లో. యుద్ధం కావాలంటే రాజు చెప్పులు విప్పి ఆ మూడు గడపల ముందూ నిలబడి కారణం చెప్పాలి. నచ్చితే ఇస్తారు, లేకపోతే లేదు. యుద్ధం అయిపోయిన మూడో రోజుకల్లా ఎవరి ముక్క వాళ్ల ఇంటికి చేరాలి. ఇదంతా రాతి మీద చెక్కించారు.

చండకేతు మహారాజు నాటికి డొల్ల బ్రహ్మయ్య ఇంట్లో ఉంది, తోలు ఎర్రన్న ఇంట్లో ఉంది, తాడు నూకాలు ఇంట్లో ఉంది. నూకాలుకి మొగుడు లేడు. ఇద్దరు కొడుకులే ఆవిడ లోకం.

ఒక ఏడు పొరుగు రాజు వచ్చి వీళ్ల రేవును ఆక్రమించాడు. పడవలు తగలబెట్టాడు. చండకేతుడు చెప్పులు విప్పి మూడు గడపలూ తిరిగాడు.

"నూకాలమ్మా, మన రేవు పోయింది. పడవవాళ్లను ఏడుగురిని చంపేశారు. నీ తాడు కావాలి."

"రేవు దక్కాక ఆగిపోతారా మారాజా?"

"ఆగిపోతాను."

ఆవిడ తాడు ఇచ్చింది. భేరి మోగింది, రేవు దక్కింది. నూకాలు పెద్దకొడుకు ఆ రేవులోనే చచ్చిపోయాడు. ఆవిడ కడుపు పట్టుకుని ఏడ్చింది గానీ రాజును పల్లెత్తు మాట అనలేదు. కారణం విని, తన చేత్తోనే తాడు ఇచ్చింది కదా.

మూడో రోజు వచ్చింది. ముక్కలు ఇళ్లకు రాలేదు. రాజు ముగ్గురినీ పిలిపించి తియ్యగా చెప్పాడు. "శత్రువు మళ్లీ రావచ్చు. భేరిని బిగించడమంటే ఒక పూట పని. ఈ ఒక్క వానాకాలం కోటలో ఉండనివ్వండి."

అప్పుడు ఆ మగమహారాజులు ఏమనుకున్నారో తెలుసా? ఆ డొల్ల బ్రహ్మయ్య అరుగులో సగం ఆక్రమించి కూర్చునేది. మేకలు అందులో దూరి పిల్లల్ని పెట్టేవి. పెళ్లాం రోజూ సణిగేది. పోనీలే, పీడ విరగడైంది అనుకున్నాడు. ఎర్రన్న ప్రతి అమావాస్యకీ ఆ తోలుకి నూనె రాయాలి. హమ్మయ్య, ఆ చాకిరీ తప్పింది అనుకున్నాడు.

నూకాలు ఒక్కతే, "రాతి మీద మూడో రోజు అని ఉంది కదా" అంది.

"రాజుగారేమన్నా దొంగా వదినా?" అని బ్రహ్మయ్య నవ్వాడు. ఎర్రన్నా నవ్వాడు. ఆవిడ ఇంటిదారి పట్టింది. ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతుంది. అరుగు ఖాళీ అయిందని సంబరపడ్డాడు చూడండి, వాణ్ణి ఏమనాలి!

వానలు వెళ్లాయి, చలి వచ్చింది. ఒకనాటి పొద్దున్నే భేరి మోగింది. ఎవరి మీద? సరిహద్దు అవతలి కొండవాళ్ల మీద. ఎందుకు? ఎవరికీ తెలియదు. రాజు ఏ గడప ముందూ నిలబడలేదు. అయినా భేరి మోగింది కదా అని జనం ఈటెలు పట్టుకుని వెళ్లారు.

ఆ వెంటనే దండోరా వేయించారు. నలుగురు ఒకచోట చేరకూడదు. యుద్ధం గురించి ప్రశ్న అడగకూడదు. భటులు ఏ ఇంట్లోకైనా అడగకుండా రావచ్చు. యుద్ధం ముగిసేదాకేనట. ముగిసిందని చెప్పాల్సింది ఎవరు? రాజే. ఆయన చెప్పలేదు.

సంతలో మాట వినిపించడం మానేసింది. పెళ్లిళ్లకు చుట్టాలు ఒక్కొక్కరుగా వచ్చి, అక్షింతలు వేసి, గుమ్మం బయటి వాళ్లకు దారి ఇచ్చి వెళ్లిపోయేవాళ్లు.

అప్పటికి బ్రహ్మయ్యకు కళ్లు తెరుచుకున్నాయి. కోటకు వెళ్లి, డొల్ల ఇచ్చేయమన్నాడు.

"నువ్వు మన మనిషివా, కొండవాళ్ల మనిషివా?" అని భటులు అడిగారు.

మర్నాటికి అతని ఇంటికి తాళం పడింది. అతనేడీ అని అడిగినవాళ్లు లేరు. మనమూ వెళ్లి అడుగుదాం రమ్మని నూకాలు ఎర్రన్న తలుపు తడితే అతను తలుపు సందులోంచే, "నాదేముంది అక్కా, తోలే కదా. నన్నొదిలెయ్యి" అన్నాడు.

మూడో యుద్ధానికి భేరి కూడా మోగించలేదు, ఇంటికొక మనిషి రావాలని ఆజ్ఞ వచ్చింది. ఈసారి సముద్రం అవతలి దేశం మీదికట. నూకాలు ఇంట్లో మిగిలినవాడు రెండో కొడుకు సింహాద్రి ఒక్కడే.

ఆవిడ తిన్నగా సభకు వెళ్లింది. 

"మారాజా, రాతి మీద ఉన్నదే అడుగుతున్నా. పెద్దోణ్ణి మీ మాట విని పంపాను. ఇప్పుడు మీరు నాకు ఏ మాటా చెప్పలేదు. నా తాడు నాకు ఇప్పించండి."

 ముసలి న్యాయాధికారి మెల్లగా లేచి, "ప్రభూ, ఆమె కోరినది న్యాయము. శాసనం అలాగే ఉన్నది" అన్నాడు.

రాజుకు కోపం రాలేదు. నవ్వాడు. "అలాగే ఇచ్చేయండి. మూడు ముక్కలూ ఎవరివి వాళ్లకు పంపేయండి. తీసుకెళ్లు తల్లీ, దాంతో నాకిప్పుడు పనిలేదు."

ఆ చివరి మాట నూకాలు చెవికి ఎక్కలేదు. తాడు భుజాన వేసుకుని పరుగెత్తింది. కోట వీధిలో ఈటెలు పట్టుకుని జనం బారులు తీరి పోతున్నారు.

"భేరి విప్పేశారయ్యా! ఇదిగో తాడు నా దగ్గరే ఉంది. ఎవరూ వెళ్లనక్కర్లేదు, ఇళ్లకు పొండి!"

అందరూ తాడు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కనున్న భటులను చూశారు. ఒక్కడూ ఆగలేదు.

ఆ వరసలో సింహాద్రి వచ్చాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది.

"నాయనా, భేరి మోగలేదురా. ఇంటికి పద."

"భేరి కోసం ఇప్పుడెవరూ ఆగట్లేదమ్మా" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. "చెయ్యి వదులు. వాళ్లు చూస్తున్నారు, నిన్ను కూడా పట్టుకెళ్తారు."

వాడే ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని వెళ్లిపోయాడు.

తరవాత ఏమైందని అడగకండి. సభలో గెలిచింది నూకాలే, ఆ మాట నిజం. సింహాద్రి మాత్రం తిరిగి రాలేదు. ఇంకోలా చెబుదామంటే నాకు నోరు రావడం లేదు.

కాబట్టి పిల్లలూ, రాజును ఆపే కట్టుబాటును కొన్నాళ్లకే కదా అని వదులుకోకూడదు. దాని దగ్గర ఆగడం జనం మరిచిపోయాక, దాన్ని తెచ్చి మన చేతిలో పెట్టినా అది ఎవరినీ కాపాడలేదు.