రాణిగారి ప్రయాణానికి నూకాలు బండి

ఉప్పమ్ముకునే నూకాలుకు మాఘమాసంలో అన్యాయం జరిగింది. ఆస్థానపు బండ్ల వ్యాపారి చలమయ్య దగ్గర కొన్న కొత్త బండికి నెల తిరక్కముందే మూడుసార్లు ఇరుసు విరిగింది. మూడోసారి ఏట్లో విరిగి, బండెడు ఉప్పూ కరిగిపోయింది. విరిగిన ప్రతిసారీ చలమయ్యే వేరే ఇరుసు వేశాడు; డబ్బు వెనక్కిమ్మంటే మాత్రం కసిరాడు. ఆమె రాజుగారి దగ్గర మొరపెట్టుకుంది.

"బండి వజ్రం ప్రభూ! దీనికే తోలడం రాదు," అన్నాడు చలమయ్య.

"అంతేనేమో బాబయ్యా," అంది నూకాలు. "రేపు రాణిగారు ఏరు దాటి పుట్టింటికెళ్తున్నారటగా, ఈ బండిలోనే పంపండి. చలమయ్యగారే తోలతారు."

చలమయ్య గబుక్కున అడ్డొచ్చాడు. "వద్దు ప్రభూ! ఇరుసు పచ్చికర్రది, విరుగుతుంది!"

"నేను దాటేదీ ఆ ఏరే కదయ్యా! నా ప్రాణానికి పచ్చికర్ర చాలిందా?"

రాజుగారు తీర్పు రాయించారు: బండికి నలభై, ఉప్పుకి ఆరు, వెరసి నలభై ఆరు వరహాలు.