నూకాలు దాచిన గుంట

అనగనగా ఒక అడవి ఉండేది. వానాకాలం వచ్చిందంటే ఆ అడవిలో పులి కన్నా దోమ అంటేనే అందరికీ హడలు. పులి ఒకరిని పట్టుకుపోతే ఆ పూటకి ఊరుకుంటుంది. దోమ అలా కాదు పిల్లలూ. చలిజ్వరం ఉన్నవాళ్ళని కుట్టి, ఆ జ్వరాన్నే మోసుకెళ్ళి పక్కింటివాళ్ళ ఒంట్లో పెడుతుంది.

అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ఏడు రోజులకొకసారి ఎవరి గుమ్మం ముందు నిలిచిన నీళ్ళు వాళ్ళు ఎత్తిపోయాలి, గుంటలు పూడ్చాలి. దోమపిల్లలకి రెక్కలు రాకముందే నీళ్ళు ఉండకూడదు. ముసలి ఎలుగుబంటి ఇల్లిల్లూ తిరిగి అడిగేవాడు. అడిగేవాడే గాని తొంగి చూసేవాడు కాదు. ఎవరి మాట మీద వాళ్ళకి గౌరవం.

ఆ అడవిలో నూకాలు అనే అలుగు ఉండేది. తల నుంచి తోక దాకా గట్టి పెంకులు. దానికి గింజ అని ఒక్కగానొక్క కూతురు. నూకాలు చెదల కోసం తవ్విన గుంట ఒకటి బొరియ ముందే వాననీళ్ళతో నిండింది. గింజకి అందులో జలకాలాటలంటే ప్రాణం. వాగుకి తీసుకెళ్దామంటే దారిలో చిరుత. పిల్లని తోక మీద ఎక్కించుకుని అంత దూరం నడవాలంటే నూకాలుకి గుండె దడ.

ఏడో రోజు వచ్చింది. నూకాలు గుంట మీద మోదుగాకులు పరిచింది.

"నూకాలూ, గుంట పూడ్చావా?" అని ఎలుగుబంటి అడిగాడు.

"పూడ్చేశాను మామా," అంది నూకాలు. ఎంత తేలిగ్గా అనేసిందో చూడండి.

రెండో వారమూ అదే మాట చెప్పింది. మూడో వారం పక్కపొదలో ఉండే కుందేలు సింగారి వచ్చింది.

"వదినా, మా చిన్నోడు చలిజ్వరంతో వణికిపోతున్నాడు. దోమలు మీ వైపు నుంచే వస్తున్నట్టున్నాయి. ఒకసారి చూసుకోవా?"

"మా ఇంట్లో దోమలెక్కడివి వదినా? నా పెంకు మీద వాలితే దాని సూదే విరుగుతుంది," అంది నూకాలు. సింగారి వెనక్కి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి, ఒకరోజు పొద్దు గూకే వేళ, ఒక ఆడదోమ బొరియ గోడ మీద తోక పైకెత్తి వాలింది.

"నూకాలక్కా, నీ మేలు మరిచిపోలేను. కదలని నీళ్ళు, పైన ఆకుల నీడ. నా పిల్లలందరికీ నీ గుంటే పురిటిల్లు."

"పో అవతలికి. నా ఒంట్లో నీ సూది దిగదు."

"నీ ఒంట్లో దిగదు. నీ పిల్ల పెంకులు ఇంకా లేతవి. పొట్ట మీద అసలు లేనే లేవు. ఆమధ్య కుందేలు పిల్లని కుట్టాను. నిన్న నీ పిల్లని కుట్టాను."

నూకాలు గబుక్కున పిల్లని దగ్గరికి లాక్కుంది. అప్పుడైనా చెప్పిందా? లేదు. చెబితే అందరూ ఏమనుకుంటారోనని నోరు మెదపలేదు. రోజూ గింజ నుదురు తాకి చూసేది. తిండి సయించేది కాదు. దోమ గుయ్యిమంటే చాలు, ఉలిక్కిపడేది.

పదో రోజు మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, తోక మీద కూర్చున్న గింజ పట్టు జారి కింద పడింది.

"అమ్మా, చలేస్తోందే," అంది.

నూకాలు పిల్లని పొట్టకి హత్తుకుని పరుగెత్తింది. ఎలుగుబంటి గుహ ముందు అందరూ చేరి ఉన్నారు. మధ్యలో సింగారి ఒట్టి చేతులతో కూర్చుని ఉంది. ఆ పొద్దున్నే చిన్నోడు పోయాడు.

నూకాలు ఈసారి దాచలేదు.

"మామా, నేను గుంట పూడ్చలేదు. ఆకులు కప్పి అబద్ధం చెప్పాను."

ముందుగా లేచింది సింగారి. గుంట దగ్గరికి నడిచి, ఆకులు లాగేసి, ముందుకాళ్ళతో మట్టి తోయడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ వెనకే వచ్చారు. కాసేపట్లో గుంట నేలతో సమమైంది. వైద్యం తెలిసిన ముసలి కోతి గింజకి చేదు మందు ఇచ్చి, "వణుకు తగ్గిందని మానెయ్యకు. చెప్పినన్ని రోజులూ మింగించు," అని మరీమరీ చెప్పాడు.

గింజ బతికింది. తిరిగి తోకెక్కిన రోజు తల్లిని అడిగింది.

"అమ్మా, సింగారత్త వాళ్ళ చిన్నోడు ఆడుకోవడానికి రావట్లేదేం?"

ఆ రోజు ఏడో రోజు. నూకాలు పిల్లని తోక మీద ఎక్కించుకుని, ముందుగా సింగారి గుమ్మం ముందు కొత్తగా వాననీళ్ళు నిలిచిన గుంట పూడ్చడానికి వెళ్ళింది.

నీతి: మన గుమ్మం ముందు నీళ్ళు నిలవనిస్తే పక్కింటి బిడ్డకీ ముప్పే; దోమను ఆపాలంటే ప్రతి ఇల్లూ దాపరికం లేకుండా తన వంతు పని చెయ్యాలి.