వసారాలో బొంతలు కుట్టిన పోలమ్మ

విన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పాలి, చెప్పేవాళ్ళు ఒక్క ముక్కా తగ్గించకూడదు. అలా నోట నోట నడిచి వచ్చిన ముచ్చట ఇది.

రైలు కూత ఇంకా కొండ దాటి రాని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పోలమ్మ అనే ముసలామె ఉండేది. పాత చీరలు తెచ్చిస్తే బొంతలు కుట్టి పెట్టేది. ఇంట్లో చూస్తే చీకటి, వీధిలో చూస్తే దుమ్ము. అందుకని బడి వసారాలో, కిటికీ కింద కూచునేది. సూది దిగేది, సూది లేచేది. లోపల లింగమూర్తి పంతులు ఇంగ్లీషు చెప్పేవాడు. సూది దిగేది, సూది లేచేది.

మొదటి ఏడాది ఆ ఇంగ్లీషు ఆమె చెవికి పిట్టల గోలలా ఉండేది. రెండో ఏడాది మాటకి మాట విడివిడిగా తెలిసింది. మూడో ఏడాది పంతులు ఎక్కడ తప్పు చెప్పాడో కూడా తెలిసింది. ఎవరితోనూ అనలేదు. బడి గడప మాత్రం ఏనాడూ దాటలేదు. రమ్మన్నవాళ్ళు లేరు.

ఆ బడిలో కొత్తగా ఆడపిల్లల తరగతి పెట్టారు. ఆరుగురే ఆరుగురు. అందులో పోలమ్మ మనవరాలు నూకాలు ఒకతి. ఒకరోజు కబురొచ్చింది. మూడు రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లలు జవాబు చెప్పకపోతే ఆ తరగతి ఎత్తేస్తాడు. ఎత్తేస్తే నూకాలు మళ్ళీ మేకల వెనక పోవాల్సిందే.

ఆయన ఎక్కడికెళ్ళినా అడిగే పాఠం ఒకటేనట. వెర్బల్స్.

పంతులు బెత్తం పట్టుకుని మొదలెట్టాడు. "క్రియ నుంచి పుట్టి, వాక్యంలో క్రియ పని మానేసి, వేరే పని చేసేది వెర్బల్. జెరండు, పార్టిసిపులు, ఇన్ఫినిటివు. అనండి!"

అన్నారు. మూడుసార్లు అన్నారు. ఒక్కరికీ బుర్రకెక్కలేదు.

"క్రియంటారు, క్రియ కాదంటారు. ఏటండీ ఇది?" అంది నూకాలు.

కిటికీ బయట పోలమ్మ ఫక్కున నవ్వింది.

"ఏమే పోలమ్మా, నవ్వొస్తోందా?" అన్నాడు పంతులు.

"సూది గుచ్చుకుంది బాబూ."

"గుచ్చుకుంటే నవ్వుతారటే?"

"ముసిలోళ్ళం బాబూ. ఏడుపు ఎప్పుడో అయిపోనాది."

ఆ నవ్వు ఎందుకో అడుగుదామని మధ్యాహ్నం ఆరుగురూ వచ్చి ఆమె చుట్టూ చేరారు. పోలమ్మ ఒడిలోంచి పాత చీర తీసి దులిపింది.

"ఇది కట్టుకున్నన్నాళ్ళూ సీర. వాక్యాన్ని నడిపే క్రియ కూడా అంతే. 'ది మంకీ బ్రోక్ ది పాట్.' కోతి కుండ పగలగొట్టింది. ఇక్కడ బ్రోక్ కట్టిన సీర. మరి పాతబడినాక? దూలానికి కడితే ఉయ్యాల. మడతలేసి కుడితే బొంత. చుట్టి నెత్తిన కుండ కింద ఎడితే కుదురు. గుడ్డ అదే, కొలువు మారింది."

"మాటలకీ అంతేనా మామ్మా?"

"అంతేనే. 'బ్రేకింగ్ పాట్స్ ఈజ్ బ్యాడ్.' కుండలు పగలగొట్టడం తప్పు. అక్కడది ఒక పనికి పేరు. ఉయ్యాల. 'ఎ బ్రోకెన్ పాట్.' కుండ ఎలాటిదో సెప్తాది. బొంత. 'ది మంకీ కేమ్ టు బ్రేక్ ది పాట్.' ఎందుకొచ్చిందో సెప్తాది. కుదురు."

"మరి అది ఒకప్పటి చీరేనని ఎలా తెలుస్తాది?"

"అంచు సూడే. ఉయ్యాల కట్టినా అంచు ఎక్కడికీ పోదు. బ్రేకింగ్ అన్నాక, ఏటి పగలగొట్టడమని అడుగు. పాట్స్ అంటాది. కొలువు మారినా పాత అలవాటు పోలేదు."

"మా తాతలాగ!" అంది నూకాలు. "బండి తోలడం మానేసినా, మంచం మీద కూచుని హై హై అంటాడు."

ఆరుగురూ పడీపడీ నవ్వారు. అలా మూడు మధ్యాహ్నాలు గడిచాయి.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. మొదటి పిల్లని అడిగితే పంతులు మాటలు అప్పజెప్పింది. రెండో పిల్ల కూడా అవే అప్పజెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపి, ఏ పుస్తకంలోనూ లేని వాక్యం ఒకటి బోర్డు మీద రాసి, పైకి చదివాడు. 'క్యారీయింగ్ వాటర్ టాట్ ది టయర్డ్ గర్ల్ టు సింగ్.' నీళ్ళు మోయడం అలసిన పిల్లకి పాడడం నేర్పింది.

"నువ్వు చెప్పు," అన్నాడు నూకాలుని.

నూకాలు బోర్డు మీది మాటలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. బయట సూది ఆగిపోయింది. జవాబు పోలమ్మ నాలుక చివర నిలబడింది. ఒక్క మాట అందిస్తే చాలు. అందిస్తే అది నూకాలు జవాబు కాదు. పోలమ్మ దారం పళ్ళ మధ్య బిగబట్టింది.

"కట్టిన చీర టాట్ అండీ," అంది నూకాలు మెల్లగా. "మిగతా మూడూ కొలువు మారినవి. క్యారీయింగ్ ఉయ్యాల. ఏటి మోయడం? వాటర్. అదిగో అంచు. టయర్డ్, పిల్ల ఎలాటిదో చెప్పే బొంత. టు సింగ్..." ఆగింది. "ఇది కుదురు కాదండీ. ఎందుకో చెప్పట్లేదు. ఏటి నేర్పిందో చెప్తోంది, అదీ ఒక పనికి పేరే. కాబట్టి ఇదీ ఉయ్యాలే!"

ఉయ్యాల ఇలా కూడా కట్టొచ్చని పోలమ్మ చెప్పనే లేదు. పిల్ల తనంతట తనే కనిపెట్టింది. పోలమ్మ పళ్ళ మధ్య దారం వదిలేసింది.

"ఇలా ఎవరు నేర్పారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పంతులు గొంతు సవరించుకున్నాడు. తలొంచుకున్నాడు. "నా పాఠం కాదండి. నేర్పినామె వసారాలో ఉంది."

ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరికొచ్చాడు. "లోపలికి రా అమ్మా."

పోలమ్మ ఆ మాట కోసం ఎన్నేళ్ళు చూసిందో! అయినా లేవలేదు.

"ఈ ఆడగుంటల తరగతి ఎత్తనని రాయండి బాబూ. అప్పుడొస్తాను."

ఆయన రాశాడు.

"సంతకం కూడా బాబూ."

సంతకమూ పెట్టాడు. అప్పుడు పోలమ్మ సూది కొప్పులో గుచ్చుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గడప దాటింది. వెళ్ళి నూకాలు పక్కన బెంచీ మీద నిటారుగా కూచుంది.

"ఎలాగుంది మామ్మా?"

"గట్టిగా ఉందే. బొంతెయ్యాలి."

ఆ తర్వాత చాలా వానలు కురిశాయి. పోలమ్మ పోయింది. ఆరుగురిలో ముగ్గురు పంతులమ్మలయ్యారు. ఆ తరగతి మాత్రం ఒక్కరోజూ మూతపడలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఆడపిల్లని బడిలో వేసే రోజున పిల్ల ముందుగా కూచోదు. అమ్మో, అమ్మమ్మో, నాయనమ్మో ముందు లోపలికెళ్ళి బెంచీ మీద కూచుంటుంది. పంతులమ్మ లేచి నిలబడి ఆమెకి దణ్ణం పెడుతుంది. ఆ తర్వాతే పిల్ల పేరు రాస్తారు.