మందుగుండు కొట్టు తాళంచెవి

తేలుకొండ ప్రభువు పెదసింహాద్రి రాజుగారికి ఆ పొద్దున ఒక చింత పట్టుకుంది. మందుగుండు కొట్టు అధికారి కాలం చేశాడు. తాళంచెవి ఎవరికివ్వాలి? కొలువులోని పెద్దల్లో చుట్ట కాల్చనివాడు మచ్చుకైనా లేడు.

"కాలిస్తే కాల్చారు. చుట్టకు బానిస కానివాడు కావాలి. బానిసను పోల్చుకునేదెలా?" అని అడిగారు.

దళవాయి గుంపస్వామి తన గుబురు మీసం దువ్వుకున్నాడు. "లెక్కపెడితే సరి ప్రభూ. నేను రోజుకు రెండే కాలుస్తాను."

రాజుగారికి తాంబూలం అందించే పైడయ్య గుండెల్లో రాయి పడింది. అతని పెంకుటిల్లు ఆ కొట్టు గోడకు ఆనుకునే ఉంది. పెళ్లాం, ముగ్గురు ఆడపిల్లలు ఉండేది అందులోనే.

"ఎన్ని కాలుస్తాడని కాదు ప్రభూ," అన్నాడు నెమ్మదిగా. "లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తాడు? జ్వరంతో మంచాన పడ్డా మానడా? కాల్చకూడని చోట ఊరుకోగలడా? అవి చూడాలి."

"మొదటి రెండింటికీ అబద్ధాలు చెబుతారు. మూడోది చూద్దాం," అన్నారు రాజుగారు.

మర్నాడు కొట్టు వాకిట్లోనే కొలువు తీర్చారు. వంద అడుగుల్లో నిప్పు కూడదు. మధ్యాహ్నం దాకా చుట్ట ముట్టనివాడికే తాళంచెవి. మంచినీళ్లకు మాత్రం ఒక్కసారి లేవచ్చు.

కాసేపటికి కరణంగారికి కడుపునొప్పి వచ్చింది. పురోహితుడికి ఇంట్లో ఆవు ఈనబోతోందని గుర్తొచ్చింది. ఒక్కొక్కరే వెళ్లారు, మళ్లీ రాలేదు. దళవాయి ఒక్కడే మంచినీళ్లకని వెళ్లి, తిరిగొచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

"భేష్ గుంపస్వామీ. చుట్ట మీద ధ్యాసే లేదా?" అన్నారు రాజుగారు మధ్యాహ్నం కాగానే.

"ఊహూఁ."

"కొట్టు జాగ్రత్తగా చూసుకుంటావా?"

"ఊఁ."

తన మీసం గురించే గంటసేపు చెప్పే మనిషి ఇలా ముక్తసరిగా తేల్చేయడం పైడయ్యకు వింతగా తోచింది. అతనికి మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ వానలో నాట్లు వేసేటప్పుడు చుట్ట ఆరిపోకుండా నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. అప్పుడు ఆవిడా ఊఁ, ఊహూఁ అనే మాట్లాడేది.

రాజుగారు తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. పైడయ్య గబగబా తాంబూలం చుట్టి దళవాయి ముందుకు పళ్లెం చాచాడు.

"పదవి తాంబూలం ప్రభువుల ఎదుటే నోట్లో వేసుకోవడం మన ఆనవాయితీ కదా. కాస్త నోరు తెరవండి దళవాయి గారూ."

దళవాయి తెరవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది.

"తెరువు," అన్నారు రాజుగారు.

తెరిచాడు. మీసాల చాటున చుట్టముక్క, నోటి లోపల దాని కొసన ఎర్రగా నిప్పు కనిపించాయి.

మళ్లీ నోరు మూసుకుని మెల్లగా ఇవతలికి రమ్మని రాజుగారు దళవాయికి సైగ చేసి, పాదుకలు తొడుక్కుని వంద అడుగులూ లెక్కగా నడిచి, అప్పుడు కడుపు పట్టుకుని నవ్వారు. వెనకే వచ్చిన భటులూ అక్కడికి చేరాకే నవ్వారు.

"పైడయ్యా, నువ్వు దేనికీ బానిసవు కావా?" అని అడిగారు చివరికి.

"కాకేం ప్రభూ. కళ్లు తెరవగానే తమలపాకు పడాలి. జ్వరమొచ్చినా మానను. కాకపోతే నాది అంటుకోదు."

రాజుగారు మళ్లీ పగలబడి నవ్వి, తాళంచెవి అతని తాంబూలం పళ్లెంలో వేశారు.