దొరగారి సినిమాలో రవణమ్మ మొహం

పీతలమెట్టలో పున్నయ్య ఇంటివాళ్ళకి తమ తెలివి మీద ఎంత గురి అంటే, వానొస్తే తలుపులన్నీ బిగించేసుకునేవాళ్ళు, నానితే తెలివెక్కడ చీకిపోతుందోనని! "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే" అనేవాడు పున్నయ్య. వాళ్ళమ్మ అచ్చాయమ్మ అవునవునని తలూపేది.

ఆ ఇంటి కోడలు రవణమ్మకి మాత్రం ఒక దిగులుండేది. కాపరానికొచ్చిన కొత్తలో అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే, "చాల్లేవే సింగారం, నీ మొహం ఎవరు చూడొచ్చారు?" అంది అత్తగారు. అంతే. అప్పట్నుంచీ పాపం రోజూ వీధరుగు మీద కూచుని, తన మొహం చూడ్డానికి ఎవరొస్తారా అని ఎదురుచూస్తూనే ఉంది. ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

అలాంటిది ఓ పొద్దున్న వాళ్ళ గుమ్మం ముందు జీపాగింది. సినిమాలు తీసే దొర ఒకాయన దిగాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి ఫణీంద్ర గారని ఒకాయన వెంట దిగారు.

"మీ ఇంట్లో సినిమా తీస్తారట. లోకమంతా మిమ్మల్ని చూస్తుంది" అన్నారు ఫణీంద్ర గారు.

ఇంకేముంది! "అత్తా, వచ్చారు! నా మొహం చూడొచ్చారు!" అని రవణమ్మ ఒకటే గంతులు.

దొరతో ఇంగ్లీషులో మాట్లాడాలి కదా మరి. పున్నయ్యకి ఇంగ్లీషు మంచినీళ్ళ ప్రాయం. మన సినిమాల్లో దొరలు మాట్లాడగా విని నేర్చుకున్నాడు. త ఉన్నచోట ట, ద ఉన్నచోట డ అంటే సరి, ఇంగ్లీషైపోతుంది.

"డొరగారూ, మజ్జిగ టాగుటారా?" అన్నాడు.

"ఏవిటండీ మీరనేది? ఆయన తెల్లమొహం వేస్తున్నారు" అన్నారు ఫణీంద్ర గారు.

"కొత్తగా వేసేదేముంది బాబూ, పుట్టుకతోనే తెల్లది కదా" అంది అచ్చాయమ్మ.

"అయ్యా, ఈయనది ఇంగ్లండు కాదు. ఇంకేదో చలిదేశం."

"ఓహో, దూరమన్నమాట. అయితే గట్టిగా అడగాలి" అని పున్నయ్య దొర చెవిలో నోరుపెట్టి, "టాగుటారా!" అని అరిచాడు. దొర అదిరిపడ్డాడు.

"బాబ్బాబు, పెద్దమనిషి. కాస్త నెత్తిన పెట్టుకుని చూసుకోండి" అని బతిమాలారు ఫణీంద్ర గారు.

అంతే! పున్నయ్య దొరని అమాంతం ఎత్తి నెత్తిన పెట్టుకుని ఇంట్లోకి నడిచాడు. ద్వారబంధం పున్నయ్య ఎత్తుకే పెట్టించింది కదా! టంగుమని మోగింది. దొర నుదుట నిమ్మకాయంత బొప్పి.

దొర బొప్పి తడుముకుంటూ ఇల్లంతా కలయజూశాడు. ఫ్యానుంది, ఫ్రిజ్జుంది, ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పెదవి విరిచి ఏదో అన్నాడు.

"మీరు ఇండియావాళ్ళలా లేరంటున్నారండీ" అన్నారు ఫణీంద్ర గారు తల గోక్కుంటూ. "వాళ్ళ సినిమాల్లో ఇండియా అంటే గుమ్మంలో ఏనుగుండాలి, బుట్టలో పాముండాలి, మొహాల్లో దరిద్రం ఓడుతుండాలి. ఇంకో ఇల్లు చూద్దామంటున్నారు."

ఇంటిల్లిపాదీ కొయ్యబారిపోయారు. "ఇన్నాళ్ళూ ఇండియావాళ్ళమే అనుకున్నామే!" అంది అచ్చాయమ్మ. "అన్ని సినిమాలు తీసినాయనకి తెలీదా అమ్మా?" అన్నాడు పున్నయ్య. రవణమ్మకైతే కళ్ళనీళ్ళు తిరిగాయి. చూడొచ్చిన లోకం చూడకుండానే వెళ్ళిపోతోంది మరి!

"ఆగండాగండి! సాయంత్రానికల్లా ఇండియావాళ్ళమైపోతాం" అంది.

పున్నయ్య తన పంట్లాం కాలొకటి కత్తిరించి, గడ్డి కూరి, గేదె మూతికి కట్టాడు. ఏనుగైంది. అచ్చాయమ్మ జడలో పెట్టుకునే సవరాన్ని తనే తెచ్చి బుట్టలో పెట్టి బూర ఊదాడు. పామైంది. అచ్చాయమ్మ అటొచ్చి బుట్టలోకి తొంగిచూసి, "పామురోయ్!" అని దుడ్డుకర్రతో బాదడం మొదలెట్టింది. రెండు దెబ్బలు సవరానికి, మూడోది దొర కాలికి.

ఫణీంద్ర గారు నెత్తి కొట్టుకున్నారు. "సరే, మసిపూసి మారేడుకాయ చేస్తున్నారుగా, అదేదో పూర్తిగా చెయ్యండి!"

ఆ మాట రవణమ్మ చెవిన పడింది. ఇంకేముంది! అన్నం గిన్నె అడుగున మసంతా గీకి మొహానికి దట్టంగా పూసేసుకుంది. శివాలయం దాకా పరిగెత్తి మారేడుకాయ తెచ్చి నెత్తిన పెట్టుకుని గేదెనెక్కింది. దొర కుంటికాలితోనే ఎగిరి చప్పట్లు కొట్టాడు. ఇదే, ఇదే తనకి తెలిసిన ఇండియా అన్నాడట.

ఏడాది తిరిగాక ఆ సినిమా పట్నంలో ఆడింది. రవణమ్మ పెళ్ళిచీర కట్టుకుని, మొగుడికీ అత్తకీ మధ్యన ముందు వరసలో కూచుంది. తెరమీద 'ఇండియా' అని పెద్ద పెద్ద అక్షరాలు పడ్డాయి. ఏనుగొచ్చింది.

"ఏవండీ, మన గేదెలా లేదూ?"

"పిచ్చిదానా, గేదెకి తొండముంటుందా?"

"ఆ బూర ఊదేది అచ్చం మీరే!"

"నేనిక్కడ కూచుంటే అక్కడెలా ఉంటానే?"

నిజమే కదా అనుకుంది రవణమ్మ. ఏనుగు మీద ఒక మసిమొహంది వచ్చింది, నెత్తిన మారేడుకాయతో. హాలంతా పడీపడీ నవ్వింది. వీళ్ళూ నవ్వారు. సినిమా అయిపోయింది. రవణమ్మ మొహం మాత్రం ఎక్కడా రాలేదు.

రవణమ్మ గొల్లుమంది. "నా మొహం ఎవరూ చూళ్ళేదత్తా!"

అచ్చాయమ్మ మనసు కరిగింది. "ఊరుకోవే. ఆ మసిమొహందానికంటే నువ్వు వెయ్యిరెట్లు నయం. చందమామలా ఉంటావు."

"నిజంగానా అత్తా?" కాపరానికొచ్చాక అత్త నోట అలాంటి మాట వినడం అదే మొదలు. రవణమ్మకి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చాక జాలేసింది. "పాపం, దాన్ని లోకమంతా చూసింది. ఒక్కరైనా మొహం కడుక్కోవే అన్నారా?"

మర్నాడు ఇంత సున్నిపిండి, ఒక తువ్వాలు మూటగట్టుకుని పోస్టాఫీసుకెళ్ళింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు గుమస్తా.

"ఇండియాకి నాయనా. అక్కడ మొహానికి మసుండే ఆవిడకి."

గుమస్తా కళ్ళజోడు తీశాడు. "ఇది ఇండియాయే కదమ్మా!"

రవణమ్మ నవ్వేసింది. "బాగానే ఉంది! అయితే మీ గుమ్మంలో ఏనుగేదీ?"

గుమస్తా గుమ్మంకేసి చూశాడు. లేదు. మళ్ళీ రవణమ్మకేసి చూసి నోరు తెరిచాడు. పాపం, ఈయనకి తెలుగు రాదు కాబోలనుకుని, రవణమ్మ కిటికీలోంచి తల లోపలికి పెట్టి, ఇంగ్లీషులో గట్టిగా అడిగింది.

"ఇండియాకి ఎంట పడుటుండి బాబూ?"