రేవుపేట కొండెక్కిన సాయంత్రం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ బొడ్డు సన్యాసి. పడవ నడిపిన మనిషి, అబద్ధమాడడు. అవతలి ఒడ్డువాళ్ళు చెప్పేది వేరు. అది వినొద్దు.

ఏటి ఒడ్డున కొండ, కొండమీద కోట ఉన్న ఒకానొక రాజ్యాన్ని విజయభూపతి ఏలేవాడు. కొండ కింద రేవుపేట. మెట్టసీమ పత్తిబళ్ళు దిగేదీ, సముద్రం నుంచి ఉప్పుపడవలు ఎదురెక్కి వచ్చేదీ ఆ రేవుకే. బండీ పడవా కలిసేచోట అద్దకంవాళ్ళు గుడిసెలు వేశారు. వాళ్ళ వెనకే షావుకార్లొచ్చారు. అలా పుట్టింది పేట. ఏ రాజూ కట్టించింది కాదు. విజయభూపతికి కంటగింపు అదే.

"రేపు ఓడవర్తకులొస్తున్నారు. వచ్చినవాడల్లా పేట బాగుందంటాడు, నా కోట ఊసెత్తడు. ఇక పేట కోటగోడ పక్కనే ఉండాలి," అన్నాడు కొలువులో.

ఆస్థానంలో పేర్రాజని ఒక మాటకారి. ఆ పేటలోనే పుట్టి పెరిగినవాడు.

"మహారాజా, పైన నీళ్ళు లేవు."

"మోయిస్తాం."

"పడవలు పైకి రావు."

"నిన్ను సలహా అడగలేదు. రేపు సాయంత్రానికల్లా రేవుపేట కొండెక్కాలి. దండోరా వేయించు."

"ఉన్నదున్నట్టు చాటించమంటారా?"

"ఒక్క అక్షరం మారినా నాలుక కోయిస్తాను."

పేర్రాజు కళ్ళు మెరిశాయి. దండం పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

దండోరా విని అద్దకంవాళ్ళ పెద్ద గున్నమ్మ, మోచేతుల దాకా ఎర్రరంగుతో ఎదురొచ్చింది. "ఏం పేర్రాజు బాబూ, బట్టకి రంగెక్కాలంటే మేం ఏట్లోకి దిగాలి. కొండమీద ఏం జాడించమంటాడు, ఆయన మీసాలా?"

"ఆజ్ఞ సరిగ్గా విన్నావా గున్నమ్మా? మీ ఇంట్లో రోజూ కొండెక్కేదేమిటి?"

గున్నమ్మ అతని మొహంకేసి చూసింది. చూసి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాజుగారి మాట కాదంటామా బాబూ," అంది నవ్వాపుకుంటూ.

మర్నాడు సందెవేళ రాజు కిరీటం పెట్టుకుని బురుజెక్కాడు. చీకటి పడింది. కిందికి చూస్తే పేట లేదు. ఒక్క దీపం లేదు, ఒక్క పొయ్యి లేదు, అద్దకపు బానల కింద నిప్పయినా లేదు. ఏటి మలుపులో వర్తకుల పడవలు కనిపించాయి. రేవెక్కడో తెలియక తటపటాయించి, వాటి లాంతర్లు ఒక్కొక్కటే అవతలి ఒడ్డుకు, పొరుగురాజు రేవు వైపుకు తిరుగుతున్నాయి.

"పేర్రాజూ, పేట ఏమైందయ్యా?"

"కొండెక్కింది మహారాజా."

"ఇక్కడికి ఒక్కడూ రాలేదే?"

"మన ఊళ్ళో దీపం ఆరిందని ఎవరూ అనరు గదా. కొండెక్కిందంటారు. తమ ఆజ్ఞ అక్షరం పొల్లు పోలేదు."

రాజు మీసం అదిరింది. నాలుక కోయించేవాడే. కానీ అవతల లాంతర్లు జారిపోతున్నాయి.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"తమరు కొండ దిగాలి."

విజయభూపతి బంటు చేతిలో కాగడా లాక్కుని పరుగెత్తాడు. కిరీటం పక్కకి ఒరిగింది, అయినా ఆగలేదు. రేవు మెట్టు మీద గున్నమ్మ ప్రమిద పట్టుకుని సిద్ధంగా ఉంది. రాజు కాగడాతో ఆమె దీపం వెలిగింది, ఆ దీపంతో వీధి, వీధితో పేటంతా వెలిగింది. పడవలు ఇటు ముక్కు తిప్పాయి.

రొప్పుతూ రాజు పడవల్నీ చూశాడు, ఎర్రచేతుల గున్నమ్మనీ చూశాడు. "పేట పైకొస్తే రేవు కొండెక్కుతుందని నోటితో చెప్పొచ్చు గదయ్యా," అన్నాడు.

"చెప్పాను మహారాజా. కోటలో నా మాట కొండెక్కింది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి పేర్రాజుకు కప్పాడు. పేట అక్కడే ఉంటుందన్నాడు. ఆ రేవులో రోజూ సందెదీపాలకు కోట నుంచి నూనె పంపించాడు. ఆనాటి నుంచి ఆ ఊరు దీపాలరేవు.

ఆ సాయంత్రం పడవలు చేజారిన అవతలి ఒడ్డువాళ్ళు ఉక్రోషంతో దిబ్బలరేవన్నారు. అంటే అన్నారు. ఇప్పుడు బస్సు బోర్డు మీదా అదే రాశారట. రాయడం వచ్చినవాళ్ళెవరైనా ఆ బోర్డు మీద సరైన పేరు రాయండి.