పిల్లిబొమ్మ దక్కని వకుళ

అనగనగా ఒక ఏరు, ఆ ఏటి గట్టున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక బొమ్మల చావడి.

ఆ చావడిలో బట్టల మీద కలంతో బొమ్మలు వేయడం నేర్పేవారు. కలమంటే మనం రాసుకునేది కాదు పిల్లలూ. వెదురుపుల్ల చివర గుడ్డ చుట్టి, దాన్ని నల్లటి సిరాలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీతలు గీస్తారు. గీత పడిందా, పడినట్టే. ఉతికినా పోదు, ఏడ్చినా పోదు. అందుకే బట్టను ముందుగా చిక్కటి గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలు పలచనైతే సిరా నిలవదు, చీమల బారులా పాకిపోతుంది.

చావడికి పెద్ద ఓబన్న గురువు. ఆయన దగ్గర పదిమంది నేర్చుకునేవారు గాని మన కథ ఇద్దరిది.

పెద్దది వకుళ. ఏడేళ్ళుగా అక్కడే ఉంది. హంస, చిలుక, పూలతీగ, ఈ మూడూ వకుళ వేసినట్టు చుట్టుపక్కల ఎవరూ వేయలేరు. నాలుగోది మాత్రం ఆమె ఎన్నడూ వేయలేదు. చెడిపోతే నలుగురూ చూస్తారని భయం. ఆ భయానికి ఆమె పెట్టుకున్న పేరు పనితనం.

రెండోది మాచమ్మ, అందరికీ మాచి. నిరుడే చేరింది. మాచి ఏనుగును వేస్తే వంకాయకు తోక మొలిచినట్టుండేది.

ఓబన్న గురువుకు ఒక అలవాటుంది. ఎవరి బట్ట చెడిపోయినా దాచనిచ్చేవాడు కాదు. దాని మూల ఒక పిల్లిని వేసి, కింద ఒక మాట రాసి, వీధివైపు దండెం మీద ఆరేసేవాడు.

మాచి వంకాయ ఏనుగు పక్కన పిల్లి ఒంటి కాలితో ఉట్టిని పట్టుకుని వేలాడుతోంది. కింద ఇలా ఉంది: "ఇవాళ అందలేదు. ఉట్టి ఎక్కడికీ పోదు, నేనూ పోను."

మాచి పాలు తక్కువ పోసి గుర్రాన్ని వేసింది. సిరా పాకి గుర్రం కాస్తా మబ్బయిపోయింది. అక్కడి పిల్లి తల కుండలో ఇరుక్కుంది: "లోపలికి దారి తెలిసింది. బయటికి దారి రేపు నేర్చుకుంటాను."

మాచి పులిని వేసింది. దాన్ని చూసి పక్కింటి మేక కూడా భయపడలేదు. ఈసారి పిల్లి ఒంటి మీద రెండే చారలు: "పులికి ఇరవై చారలు. నాకు రెండొచ్చాయి. ఇక పద్దెనిమిదే కదా."

ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. చదువురానివాళ్ళు చదువొచ్చినవాళ్ళ చేత చదివించుకుని మరీ నవ్వారు. గేదె తన్ని చెంబు దొర్లించినా పాలమనిషి విసుక్కోకుండా "ఉట్టి ఎక్కడికీ పోదు" అని మళ్ళీ పితకడానికి కూర్చునేది. లెక్క తప్పిన పిల్లలు "ఇక పద్దెనిమిదే" అని పలక తుడుచుకునేవారు. మాచి అందరితోపాటు నవ్వేది. నవ్వయ్యాక దండెం కింద నిలబడి, గీత ఎక్కడ తప్పిందో చూసుకుని, గురువును అడిగి, ఇంకో బట్ట తీసేది.

వకుళకు మాత్రం కడుపు మండిపోయేది. ఏడేళ్ళుగా తప్పు లేకుండా హంసలు వేస్తున్నదెవరు? ఆ హంసల ముందు ఒక్కరైనా నిలబడ్డారా? వంకాయ ఏనుగు ముందు మాత్రం సంత! ఆ పిల్లులు మాచికి గురువిచ్చిన పతకాలేనని ఆమె అనుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అదే అయింది. తనకూ ఒక పిల్లి కావాలి.

మర్నాడు వకుళ హంసకు మూడు కాళ్ళు వేసింది. గురువు వచ్చి వంగి చూశాడు. "మూడో కాలు కూడా చక్కగా కుదిరిందమ్మా" అని ముందుకు వెళ్ళిపోయాడు. పిల్లి లేదు.

ఆ పై వారం చిలుక మీద కావాలనే సిరా ఒలికించింది. ఇక ఉండబట్టలేక, బట్ట చెడిపోయింది, పిల్లిని వేయరా అని అడిగేసింది. గురువు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు మరక వేద్దామనుకున్నావు, మరక పడింది. ఇందులో చెడిందేముంది తల్లీ? రానిదాన్ని చేయబోయి చెడగొట్టినవాళ్ళకే పిల్లి."

వకుళ ముఖం కందగడ్డ అయింది. మాచి పక్కనే ఉండి విన్నది. అది మరీ భరించరానిదయింది.

ఇలా ఉండగా రాణిగారి కబురొచ్చింది. రాణిగారి పుట్టిల్లు సముద్రం ఒడ్డున. పెళ్ళయి ఈ కొండల నడుమకు వచ్చి పాతికేళ్ళు. మళ్ళీ సముద్రాన్ని చూసింది లేదు. తన గదిలో సముద్రం బొమ్మ ఉన్న తెర కావాలని, వచ్చే పున్నమి నాడు చావడికి వచ్చి దగ్గరుండి వేయించుకుంటానని చెప్పి పంపారు. వయసు మీదపడి ఓబన్న గురువు చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఎవరి తెర రాణిగారికి నచ్చితే వారికి తన కలమిచ్చి, చావడి పెద్దరికం అప్పగిస్తానన్నాడు.

వకుళ ఏడేళ్ళుగా కలలు కన్నది ఆ కలం కోసమే. కాని సముద్రాన్ని ఎవరు చూశారు? చూడనిదాన్ని వేసి నవ్వులపాలు కావడం ఎందుకని, నీళ్ళ గీతలు నాలుగు గీసి వాటి మీద తన హంసలనే వేయాలని నిశ్చయించుకుంది.

మాచి సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చే బళ్ళవాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. అల ఎలా లేస్తుంది, ఎలా విరుగుతుంది, ఒడ్డుకొచ్చి ఏమవుతుంది, అన్నీ అడిగింది. వాళ్ళు చేతులు తిప్పి చూపించారు. మాచి బట్ట మీద బట్ట చెడగొట్టింది. మొదటి అల అప్పడంలా వచ్చింది, రెండోది పాముపడగలా వచ్చింది. దండెం నిండా పిల్లులే. కాని పున్నమి దగ్గరపడేసరికి అల అలలాగే లేవసాగింది.

వకుళ అది చూసింది. ఏడేళ్ళుగా తను కోరుకున్న కలాన్ని నిరుడు చేరిన పిల్ల ఎగరేసుకుపోతోంది. పున్నమికి రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ, మాచి బట్ట తడపడానికి ఉంచిన పాలకుండలో వకుళ చెంబులకు చెంబులు ఏటినీళ్ళు పోసింది.

పున్నమి నాడు రాణిగారు పల్లకి దిగి చావడిలో కూర్చున్నారు. వకుళ చేయి ఎప్పటిలాగే తొణక్కుండా సాగింది. మాచి ఆ పాలలో తడిపిన బట్ట మీద మొదటి గీత గీసింది. సిరా పాకింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వకుళ తల దించుకుంది గాని చెవులు అటే ఉన్నాయి.

మాచి ఏడవలేదు. పాలు పలచనయ్యాయని ఆమెకు ఇట్టే అర్థమైంది. ఆనాడు మబ్బయిపోయిన గుర్రం ఆమె చెడగొట్టినదే కదా. సిరా ఎంత దూరం పాకుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆ రోజే చూసి పెట్టుకుంది. ఇప్పుడు గీతకు గీతకు మధ్య బెత్తెడు చోటు వదిలింది. బట్టను కాస్త వాల్చి పట్టుకుంది. సిరా పాకి, పలచబడి, అంచుల్లో విరిగి తెల్లటి చోట్లు మిగిల్చింది.

రాణిగారు లేచి దగ్గరికొచ్చారు. "నురగ" అన్నారు మెల్లగా. కళ్ళు తుడుచుకుని ఇంకాసేపు చూశారు. తరువాత వకుళ వైపు తిరిగి, "నీ హంసలు చాలా ముద్దుగా ఉన్నాయమ్మా. కాని సముద్రంలో హంసలుండవు" అన్నారు.

ఓబన్న గురువు కలాన్ని మాచి చేతిలో పెట్టాడు. అందరూ మెచ్చుకుంటుంటే వకుళకు అసూయతో ఒళ్ళు మండింది. ఆ మంటలోనే సిగ్గు కూడా రగిలింది. గెలిచినా ఓడినా కుండలో పోసిన నీళ్ళు తన వెంటే వస్తాయని తెలిసింది. లేచి, రాణిగారి ఎదుటే, పాలలో నీళ్ళు పోసింది నేనేనని చెప్పేసింది.

గురువు కోపంతో ఎర్రబడ్డాడు. శిక్ష ఏమిటో చావడి పెద్దే చెప్పాలని మాచి వైపు చూశాడు. మాచి వకుళ దగ్గరికొచ్చింది. మాచి కళ్ళలో నీళ్ళున్నాయి. అయినా అడిగిన మాట ఇది:

"ఎన్ని చెంబులు పోశావక్కా? ఇంత మంచి నురగ నాకెప్పుడూ రాలేదు."

వకుళ ఆ చెంబులు లెక్కపెట్టలేదు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట రాని మాట ఇప్పుడు బయటికొచ్చింది.

"నాకు తెలియదు మాచీ. అల వేయడం కూడా రాదు. నాకు నేర్పుతావా?"

"అదే నీకు శిక్ష" అంది కొత్త పెద్ద, కుండ చంకనెత్తుకుని. ఆ సాయంత్రమే ఇద్దరూ చెంబులు లెక్కపెట్టుకుంటూ పాలలో నీళ్ళు కలిపారు. వకుళ మొదటి అల అచ్చంగా జంతికలా వచ్చింది. గురువు దాని మూల పిల్లిని వేసి దండెం మీద ఆరేశాడు. వీధిలో వాళ్ళంతా నవ్వారు. వకుళ ఏడ్చి, ముక్కు చీది, ఇంకో బట్ట తీసింది.

కాబట్టి పిల్లలూ, పక్కవాళ్ళకు వచ్చిందని కుళ్ళుకుంటే మనకు రాదు. రాదని ఒప్పుకుని, అడిగి, పదిసార్లు చెడగొట్టినవాళ్ళకే ఏ విద్యయినా వస్తుంది.